యల్లాప్రగడ సుబ్బారావు గారు, మన ఇంటి మందుల డబ్బా



పోయిన నెల మా క్లాసులో ఒక బాబు బ్యాగులో సగం మిగిలిన యాంటీబయాటిక్ సిరప్ సీసా కనిపించింది. ఎప్పుడో వాళ్ల అక్కకి రాసిన మందు. గడువు దాటిపోయింది. దగ్గొస్తే ఒక మూత తాగమని ఇంట్లో చెప్పి పంపారట. ఆ సీసా చూడగానే నాకు సుబ్బారావు గారు గుర్తొచ్చారు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో పాసయ్యారు. యూనిట్ టెస్టులో నాలుగు మార్కులు తగ్గితే కంగారుపడే మనం ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మద్రాసు మెడికల్ కాలేజీలో గాంధీజీ పిలుపు విని ఖద్దరు గౌను వేసుకున్నారు. అది ఇంగ్లీషు ప్రొఫెసర్‌కు నచ్చలేదు. ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్ సర్టిఫికెట్టే చేతికొచ్చింది. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన సోదరుల్లో ఇద్దరిని బలి తీసుకుంది.

1922లో అమెరికా వెళ్లి, ఆస్పత్రిలో చిన్న ఉద్యోగం చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. 1940లో లెడర్లే కంపెనీలో చేరి పరిశోధనలకు నాయకత్వం వహించారు. 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది ఆయన బృందమే. ఆయన పర్యవేక్షణలోనే డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రవేత్త, మిస్సోరీ మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటి మందు. 1948లో అది లోకానికి తెలిసింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు 53 ఏళ్లకే కన్నుమూశారు. ఆయన సోదరులను తీసుకెళ్లిన స్ప్రూకి ఈనాడు డాక్టర్లు వాడేవి ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్‌లే.

ఇంత కష్టపడి సాధించిన మందుకీ ఒక తేదీ ఉంటుంది. 1963లో అమెరికాలో పాతబడి చెడిపోయిన టెట్రాసైక్లిన్ వేసుకున్న ముగ్గురికి కిడ్నీలు దెబ్బతిన్నాయని డాక్టర్లు ప్రకటించారు. అదృష్టవశాత్తు ఆ దెబ్బ తర్వాత నయమయ్యేదే. ఆ క్యాప్సూల్స్ తయారీ పద్ధతిని కూడా మార్చారు.

అలాగని తేదీ దాటిన ప్రతి మందూ విషం కాదు. అమెరికా సైన్యం నిల్వలను పరీక్షిస్తే, సీలు విప్పకుండా సరైన చోట ఉంచిన మందులు చాలావరకు తేదీ తర్వాత కూడా బలంగానే ఉన్నాయి. కానీ మన మందులు ఉండేది ఫ్రిజ్ పైన, వంటగది అరలో, మే నెల ఎండలో. నీళ్లు కలిపిన పిల్లల యాంటీబయాటిక్ సిరప్ అయితే లేబుల్ మీద రాసిన కొద్ది రోజులకే పనికొస్తుంది. బలం తగ్గిన మందు జబ్బును పూర్తిగా తగ్గించదు. చావకుండా మిగిలిన బ్యాక్టీరియా మొండికేస్తే, రేపు మంచి మందుకీ లొంగకపోవచ్చు. పైగా మామూలు జలుబు, దగ్గు ఎక్కువగా వైరస్ వల్ల వస్తాయి. వాటికి కొత్త యాంటీబయాటిక్ కూడా పనిచేయదు.

అందుకే డాక్టర్ చెప్పినన్ని రోజులూ కోర్సు పూర్తి చేయించండి. మిగిలితే దాచకండి, ఇంకో బిడ్డకి వేయకండి. స్కూల్లో మందు వేయాల్సి వస్తే ప్రిస్క్రిప్షన్‌తో పాటు క్లాస్ టీచర్‌కి ఇవ్వండి.

ఆ బాబు వాళ్లమ్మగారు సాయంత్రమే డాక్టర్‌కి చూపించారు. అది మామూలు జలుబేనట. యాంటీబయాటిక్ అవసరమే లేదన్నారట.