కథలు చెప్పిన బోధకుడు

ధ్యాన భాగము: మత్తయి 13:1–17

మన పల్లెలలో రాత్రి అన్నములు తిన్న పిమ్మట అవ్వలు మనుమలకు కథలు చెప్పుట చిరకాలపు వాడుక. ఇప్పుడు అట్టి కథలే ఫోనులలో బొమ్మలుగా వచ్చుచున్నవి. మాటలాడు చిలుకలు, మంత్రగత్తెలు గల ఈ కథలు అబద్ధములు కావా, విశ్వాసుల పిల్లలు వీటిని వినవచ్చునా అని కొందరు తల్లిదండ్రులు మమ్ము అడిగిరి. వారు భక్తితోనే అడిగిరి. వారికి వాదముతో ఉత్తరమిచ్చుటకంటె, ప్రసంగ పీఠమును పోగొట్టుకొని కథలు వ్రాసిన ఒక బోధకుని జీవితమును చెప్పుట మేలని తలంచితిమి. ఆయన పేరు జార్జి మాక్డొనాల్డు.

ఆయన 1824వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన స్కాట్లండు దేశములోని హంట్లీ అను చిన్న పట్టణమున జన్మించెను. ఎనిమిదవ యేట తల్లి మరణించెను. తండ్రి సేద్యగాడు. భక్తిపరుడు, దయగల మనిషి. దేవుడు తండ్రి అను మాట జార్జికి జీవితమంతయు తీయగా నుండుటకు ఈ తండ్రి ప్రేమ గొప్ప కారణము. అయితే ఆ ప్రాంతపు సంఘములలో బోధ కఠినముగా నుండెను. దేవుడు కొందరినే రక్షణకు ముందుగా ఏర్పరచుకొని తక్కినవారిని విడిచిపెట్టెనని చెప్పుచుండిరి. ఈ మాట మొదట వినినప్పుడు, తాను ఏర్పరచబడినవాడేనని పెద్దలు ఓదార్చినను, ఆ బాలుడు ఆగక యేడ్చెను. విడువబడినవారి మాటేమి అనునదే ఆయన దుఃఖము.

అబర్దీను నగరములోని కింగ్సు కళాశాలలో రసాయన శాస్త్రమును, ప్రకృతి శాస్త్రమును చదివి 1845లో ఎం.ఏ. పట్టము పొందెను. 1848లో బోధకుడగుటకై లండనులోని హైబరీ కళాశాలలో చేరెను. ఇది కాంగ్రిగేషనల్ సంఘములది. ఈ సంఘములు మనకు పరాయివి కావు. 1810లో బళ్లారిలోను, 1822లో కడపలోను పని ఆరంభించిన లండను మిషనుకు అండగా నిలిచినవారిలో ఎక్కువమంది ఆ సంఘములవారే. జమ్మలమడుగు ఆసుపత్రి ఆ మిషను వలననే మనకు కలిగెను.

1850లో దక్షిణ ఇంగ్లండులోని ఆరండెల్ సంఘమువారు ఆయనను బోధకునిగా పిలిచిరి. మరుసటి యేట లూయిజా పవెల్ అను ఆమెను వివాహమాడెను. అంతలోనే సంఘపు పెద్దలకు ఆయన బోధపై అనుమానము పుట్టెను. సువార్త వినని అన్యజనులకు మరణమైన తరువాతనైనను దేవుడు దయ చూపునేమో అని ఆయన ఆశపడెను. ఇది పెద్దలకు నచ్చలేదు. వారు ఆయనను వెళ్లగొట్టలేదు గాని 1852లో జీతము తగ్గించిరి. జీతము తగ్గినచో తానే పోవునని వారి యెత్తు. ఆయన తగ్గిన జీతముతోనే, తన్ను ప్రేమించిన బీద సంఘస్థుల మధ్య కొంతకాలము నిలిచెను. అయినను తగవు తీరకపోగా 1853లో ఆ పీఠమును విడిచెను.

ఇక్కడ మనము ఒక నిమిషము ఆగవలెను. 1852లో మన పెద్దలు ఎక్కడ నుండిరి? పెన్న యొడ్డున, కుందూ గట్టున, ఎర్రమల కొండల క్రింద కూలినాలి చేసికొనుచుండిరి. వారిలో అనేకులు యేసు నామమును వినియుండలేదు. వారిని ఎన్నడును చూడని ఒక యువకుడు, అట్టివారిపై ఆశ వదలుకొననందుకు తన భార్యాబిడ్డల అన్నమును పోగొట్టుకొనెను. ఆయన తలంపు సరియైనదా కాదా అని తీర్పు చెప్పుటకు మేము పూనుకొనము. నేడే రక్షణ దినమని లేఖనము మనలను తొందరపెట్టుచున్నది. అయినను ఆ ప్రేమ మన జ్ఞాపకములో ఉండదగినది.

పీఠము పోయెను, బీదరికము వచ్చెను. ఊపిరితిత్తుల రోగము ఆయనను జీవితమంతయు వేధించెను. పదునొకండుగురు పిల్లలు కలిగిరి. ఆయన పాఠములు చెప్పెను, ఉపన్యాసములిచ్చెను, పద్యములు, నవలలు వ్రాసెను. పిలిచినచోట జీతము పుచ్చుకొనక ప్రసంగించెను. వీటన్నిటి నడుమ అద్భుత కథలు వ్రాసెను. ఆయన స్నేహితుడు లూయిస్ కారొల్ ఆలిస్ అను బాలిక కథను అచ్చువేయింపక ముందు, దాని చేతివ్రాత ప్రతిని మాక్డొనాల్డు ఇంటి పిల్లలు వినిరి. వారి సంతోషమును చూచిన మీదట, 1865లో ఆ కథను అచ్చువేయించుటకు ఆయనకు ధైర్యము కలిగెను.

మాక్డొనాల్డు 1864లో ప్రచురించిన ఒక కథ మన సీమవారు వినదగినది. ఒక రాకుమారికి మంత్రగత్తెయైన మేనత్త శాపమువలన బరువు లేకపోయెను. గాలికి బెండువలె తేలును. మనస్సునకును బరువు లేదు. ఎల్లప్పుడు నవ్వును గాని ఎవరి కష్టమునకును కన్నీరు విడువదు. నీటిలో దిగినప్పుడు మాత్రమే ఆమెకు బరువు కలుగును. గనుక ఆమెకు చెరువంటే ప్రాణము. అది చూచి మేనత్త ఆ చెరువును ఇంకజేసి, దేశములోని ఊటలన్నిటిని ఎండగట్టెను. పసిపిల్లలు ఏడ్చినను కన్నీళ్లు రాలేదు. చెరువు అడుగున ఒక రంధ్రముండెను. సజీవుడైన మనుష్యుడు ఇష్టపూర్వకముగా తన శరీరముతో దానిని మూసిననే గాని నీరు నిలువదు. ఆమెను ప్రేమించిన ఒక రాకుమారుడు ఆ రంధ్రములో కూర్చుండెను. నీరు మెల్లగా ఎక్కుచుండగా ఆమె మొదట విసుగుతో చూచుచుండెను. నీరు అతని తలపైకి వచ్చినప్పుడు ఆమె గుండె పగిలెను. దూకి అతనిని పైకి లాగెను. రాత్రి అంతయు పరిచర్య చేయగా సూర్యోదయమున అతడు కన్నులు తెరచెను. అప్పుడామె జీవితములో మొదటిసారి ఏడ్చెను. ఆమె ఏడ్చుచుండగా దేశమంతట వాన కురిసెను.

1876–78లో ధాత కరువు మన జిల్లాలను ఊడ్చివేసినది. అనంతపురము దగ్గర బుక్కరాయసముద్రపు చెరువు కట్ట నిలుచుటకు ప్రాణమిచ్చిన ముసలమ్మ కథయు మనకు తెలిసినదే. కట్టమంచి రామలింగారెడ్డిగారు దానిని కావ్యముగా వ్రాసిరి. చెరువు కొరకు ఒకరు ప్రాణమిచ్చుట అనగా నేమో మనకు ఎవరును వివరింపనక్కరలేదు.

ఈ కథ వినగానే మన నాలుకపైకి వచ్చు మాట, ఆ రాకుమారుడు క్రీస్తేనని. ఆ మాటలో సత్యము లేకపోలేదు. అయితే మాక్డొనాల్డు 1893లో అద్భుత కథలను గూర్చి ఒక వ్యాసము వ్రాసి, కథకు ఒకే అర్థమును గట్టిగా బిగించుట మంచిది కాదని వాదించెను. వినువాడు తన మనస్సు కొలదిని, తన ఎదుగుదల కొలదిని అర్థము గ్రహించును. బిడ్డకు దొరికినది ఒకటి, అవ్వకు దొరికినది ఇంకొకటి. కథ యొక్క పని పాఠమును అప్పగించుట కాదు, నిద్రించు మనస్సాక్షిని లేపుట. అయితే కథకుడు తన యిష్టము వచ్చినట్లు వ్రాయవచ్చునా? ఒక హద్దు కలదని ఆయన చెప్పెను. కథలో చెట్లు నడువవచ్చును, చేపలు మాటలాడవచ్చును. కాని కీడును మేలని, మేలును కీడని చూపుటకు ఏ కథకునికిని అధికారము లేదు. నీతి ధర్మము ఏ కల్పిత లోకములోనైనను మారదు.

తల్లిదండ్రుల ప్రశ్నకు ఇదే మా ఉత్తరము. చిలుక మాటలాడినదా అని చూడకుడి. మోసము గెలిచి మెప్పు పొందినదా, బలహీనుని బాధ నవ్వులాటయైనదా అని చూడుడి. అట్టి కథను, ఫోనులో వచ్చినను అవ్వ నోట వచ్చినను, ప్రక్కకు పెట్టుడి. న్యాయాధిపతుల గ్రంథము 9వ అధ్యాయములో యోతాము గెరిజీము కొండపై నిలిచి చెట్లు రాజును వెదకిన కథ చెప్పెను. ఒలీవ, అంజూరము, ద్రాక్షావల్లి వద్దనగా ముండ్లపొద రాజగుటకు ఒప్పుకొనెను. దానిని అబద్ధమని ఎవరును త్రోసివేయలేదు. నాతాను గొఱ్ఱెపిల్ల కథ చెప్పినప్పుడు దావీదు కోపముతో మండిపడి, పిమ్మట ఆ మనుష్యుడు తానేనని తెలిసికొనెను. కథ ముగియకముందే అర్థము చెప్పియుండినయెడల అతని కోపము రగులకపోవును. మంచి సమరయుని ఉపమానములో రెండు దేనారములు ఏవి, పూటకూళ్లవాడు ఎవడు అని అర్థములు లెక్కించుచు కూర్చుండినచో, గాయపడినవాడు త్రోవలోనే పడియుండును.

మాక్డొనాల్డు ముసలితనము సుఖముగా గడువలేదు. మేరీ 1878లో, మారిస్ 1879లో, గ్రేస్ 1884లో, లిలియా 1891లో, ఇట్లు నలుగురు బిడ్డలను ఆయన మట్టికి అప్పగించెను. 1902లో లూయిజా మరణించెను. కడపటి యేండ్లలో రోగమువలన దాదాపు మాటలేనివాడై, 1905 సెప్టెంబరు 18న ప్రభునందు నిద్రించెను. ఇటలీలోని బోర్డిగేరాలో భార్య సమాధియొద్దనే ఆయన భస్మము ఉంచబడెను. ఆయన పోయిన పదునొకండేండ్లకు, 1916లో, దేవుని నమ్మని ఒక యువకుడు రైలు స్టేషనులో ఆయన కథా పుస్తకమొకటి కొనెను. ఆ యువకుడే తరువాత క్రైస్తవ విశ్వాసమును గూర్చి అనేక గ్రంథములు వ్రాసిన సి. ఎస్. లూయిస్. తన మనస్సు మారుటకు ఆ పుస్తకము మొదటి మెట్టని ఆయన ఒప్పుకొనెను. ఆరండెల్ పెద్దలు మూసిన నోరు ఈ విధముగా ప్రసంగించెను.

కాబట్టి ఈ నెలలో ఒక రాత్రి ఫోను ప్రక్కకు పెట్టి, మీ పిల్లలకు ఒక ఉపమానమును కథగా చెప్పుడి. చెప్పిన పిమ్మట వెంటనే దాని అర్థము అడుగకుడి. విత్తువాడు విత్తి, వానకై కనిపెట్టును గాని, మొలక వచ్చెనా అని నేలను త్రవ్వి చూడడు. మనము మెట్ట సేద్యగాండ్రము. ఈ ఓర్పు మనకు ఒకరు నేర్పనక్కరలేదు.

ప్రార్థన: ఉపమానములతో మాకు బోధించిన ప్రభువా, వినుటకు చెవులను, ఇతరుల బాధకు తడియగల కన్నులను మాకు దయచేయుము. ఎండిన మా నేలపైని, ఎండిన మా హృదయములపైని నీ వాన కురిపించుము. ఆమేన్.