శ్రీ వరి వెనుకనున్న దైవసేవకుడు

మిర్యాలగూడ, కోదాడలలో సాగర్ ఎడమ కాలువ క్రింద గాని, సూర్యాపేట వైపు మూసీ కాలువ, బావుల క్రింద గాని వరి పండించని కుటుంబము, లేక నాట్లకు కూలికి పోని కుటుంబము మన సంఘములలో అరుదు. శ్రీ వరి పేరు మనలో చాలమంది విన్నదే. ఆ పద్ధతికి మూలపురుషుడు ఒక దైవసేవకుడని ఎరిగినవారు కొద్దిమందే.

ఫాదర్ ఆన్రి ద లొలానియే 1920లో ఫ్రాన్సు దేశములో జన్మించారు. వ్యవసాయ శాస్త్రము చదివి, తరువాత యేసుసభలో చేరి కతోలిక గురువైనారు. 1961లో మడగాస్కర్ ద్వీపమునకు వెళ్లారు. అక్కడి ప్రజలకును మనవలెనే అన్నమే ఆధారము; పంట మాత్రము స్వల్పము. ఎరువులు కొనలేని రైతుకు ఉపకరించు మార్గమును వెదకుటలోనే వారు తక్కిన జీవితమంతయు గడిపారు.

వారు బోధించుటకు ముందు గమనించారు. కొందరు రైతులు గుత్తులుగా గాక ఒక్కొక్క మొక్కనే నాటుట, మడిలో ఎల్లప్పుడు నీరు నిలుపక ఆరనిచ్చుట చూచి, ఆ రెంటిని స్వయముగా పరీక్షించారు. 1981లో అంత్సిరాబెలో గ్రామీణ యువకులకు పాఠశాల స్థాపించారు. 1983లో కాలము కలిసిరాక, అక్కడ పదిహేను దినముల లేత నారునే నాటవలసి వచ్చింది. మొదట చూడ నిరాశయే. నెల దాటేసరికి పిలకలు విస్తారముగా వచ్చాయి. తరువాత రసాయనిక ఎరువుల ధర పెరిగినప్పుడు, కుళ్లిన ఆకు, పేడ ఎరువుతో ప్రయత్నించగా పంట తగ్గలేదు.

1990లో స్థానిక మిత్రులతో కలిసి తెఫీ సైనా అను సంస్థ నెలకొల్పారు. మనస్సును తీర్చిదిద్దుట అని ఆ పేరుకు భావము. రైతు బుద్ధిని మేల్కొల్పనిదే పొలము మారదని వారి నమ్మకము.

1995లో వారు ప్రభువునందు నిద్రించారు. తన పద్ధతి ఇతర దేశములకు వ్యాపించుట వారు చూడలేదు. 2003 ఖరీఫ్‌లో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయము దానిని మన రైతుల పొలములలో నాటించింది. ఎకరాకు రెండు కిలోల విత్తనము, 8 నుండి 12 దినముల నారు, 25 సెంటీమీటర్ల ఎడము, కుదురుకు ఒకే మొక్క, పది దినములకొకసారి వీడర్, తడి ఆరి తడి: ఇదే దాని సారము.

కష్టములు లేకపోలేదు. లేత నారు నాటుటకు ఓర్పు కావలెను. నాటు కూలీలకు అలవాటు కావలెను. కాలువ నీరు వచ్చినప్పుడే వచ్చును గనుక ఆరుతడి అన్నిచోట్ల సాగదు. కొందరు మొదలుపెట్టి విడిచిపెట్టారు. అత్యధిక దిగుబడుల లెక్కలను కొందరు శాస్త్రజ్ఞులు ఒప్పుకొనలేదు. అయినను తక్కువ నీటితో, తక్కువ విత్తనముతో వరి పండునన్న సంగతిని చాల పొలములు చూపించాయి.

సాగర్ నీరు రాని సంవత్సరములను, ఎండిన బోర్లను మనము చూచాము. అప్పుచేసి బోరు వేయించి నష్టపోయిన సహోదరులు మన ఆరాధనలలో మన ప్రక్కనే కూర్చుండుచున్నారు. కనుక భూమిగల ప్రతి సభ్యుడు ఒక్క మడిలోనైనా ఈ విధానమును పరీక్షించి, తెలిసినది పొరుగువానికి చెప్పునుగాక. ఆ గురువు చేసిన పరిచర్యయు ఇదియే.