అనంతాన్ని తూచిన గణితవేత్త

జార్జి కాంటర్ 1845 మార్చి 3న రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలో జన్మించారు. తండ్రి వర్తకుడు. తల్లి వంశం సంగీతానికి ప్రసిద్ధి. 1856లో ఆ కుటుంబం జర్మనీకి తరలివచ్చింది. కుమారుడు ఇంజనీరు కావాలని తండ్రి ఆశించినా, కుమారుని మనస్సు గణితంపైనే లగ్నమైంది. చివరకు తండ్రి సమ్మతించారు. కాంటర్ బెర్లిన్‌లో వయర్‌స్ట్రాస్, కుమ్మర్, క్రోనెకర్ వంటి ఉద్దండుల వద్ద విద్యనభ్యసించి 1867లో డాక్టరేట్ పట్టం పొందారు. 1869 నుండి హాలే విశ్వవిద్యాలయమే ఆయన కార్యక్షేత్రం. బెర్లిన్‌లో ఆచార్యపదవి పొందాలన్న కోరిక మాత్రం ఎన్నటికీ తీరలేదు.

సహజ సంఖ్యలకు అంతం లేదు. వాస్తవ సంఖ్యలకూ లేదు. మరి ఈ రెండు అనంతాలూ సమానమేనా? అంతవరకు ఎవరూ గట్టిగా వేయని ప్రశ్న ఇది. పెళ్ళి పంక్తిలో ప్రతి విస్తరి ముందూ ఒక అతిథి కూర్చుని, ఏ విస్తరీ ఖాళీగా లేక, ఏ అతిథీ నిలబడి ఉండకపోతే, లెక్కించకుండానే రెండూ సమానమని తెలుస్తుంది. కాంటర్ అనుసరించిన మార్గమూ ఇటువంటిదే. భిన్నాలన్నింటినీ సహజ సంఖ్యలతో జతపరచవచ్చు. వాస్తవ సంఖ్యలను మాత్రం అలా జతపరచలేమని ఆయన 1874లో నిరూపించారు. అనగా అనంతాలలోనూ చిన్నా పెద్దా ఉన్నాయి! 1891లో వికర్ణ పద్ధతితో దీనినే మరింత సులభంగా నిరూపించారు.

పూర్వగురువు క్రోనెకర్ ఈ భావనలను తీవ్రంగా వ్యతిరేకించారు. 1877లో పంపిన వ్యాసం ప్రచురణ ఆలస్యం కావడానికి ఆయనే కారణమని కాంటర్ నమ్మారు. 1884లో కాంటర్‌ను మానసిక వ్యాధి పీడించింది; అది జీవితాంతం మరల మరల వచ్చింది. ఆ విమర్శలే వ్యాధికి మూలమని పూర్వం కొందరు తలచారు గాని, అంత సులభంగా తేల్చదగిన విషయం కాదది. 1890లో జర్మన్ గణితవేత్తల సంఘం ఏర్పడినప్పుడు కాంటర్ దానికి తొలి అధ్యక్షులై, తొలి సమావేశంలో ప్రసంగించవలసిందిగా క్రోనెకర్‌నే ఆహ్వానించడం ఆయన ఔదార్యానికి నిదర్శనం. 1899లో చిన్న కుమారుని మరణం ఆయనను క్రుంగదీసింది. 1904లో లండన్ రాయల్ సొసైటీ సిల్వెస్టర్ పతకంతో సత్కరించింది. ప్రపంచయుద్ధకాలపు కరవులో, 1918 జనవరి 6న, హాలేలోని చికిత్సాలయంలో కన్నుమూశారు.

సమితిలోని మూలకాలు ఒకదానినుండి ఒకటి స్పష్టంగా వేరుపడి ఉండాలని కాంటర్ 1895లో నిర్వచించారు. 2015లో జావాస్క్రిప్ట్ అనే వెబ్ భాషలో చేరిన ‘సెట్’ ఈ నియమాన్నే పాటిస్తుంది. 7, 12, 7, 30 అనే విలువలను అందులో చేర్చితే మూడే నిలుస్తాయి. రెండవ 7కు చోటుండదు. గణిత సమితిలో క్రమానికి ప్రాధాన్యం లేదు. ఈ సెట్ మాత్రం విలువలు చేరిన వరుసను గుర్తుంచుకొంటుంది. సమితుల సమ్మేళనం, ఛేదనం వంటి ప్రక్రియలు 2025 ప్రమాణంలో గాని ఆ భాషలో చోటుచేసుకోలేదు.