లాలీ సేనాని

గెలిచిన సేనానుల చరిత్రములు మన పాఠ్యపుస్తకములలో విరివిగా నున్నవి. ఓడినవారి చరిత్రములను చదువుటయు అంతకంటె తక్కువ ప్రయోజనకరము కాదని మా యభిప్రాయము. శౌర్యమును, స్వామిభక్తియు గలవాడు సైతము ఏ మనోదోషముచేత తన కార్యమును తానే చెరుపుకొనునో తెలిసికొనుటకు కౌంటు డి లాలీ జీవితము తగిన యుదాహరణము. అతని పొరపాటులలో నొకటి మన తెలుగుదేశపు చరిత్రమునే మార్చినది గనుక ఈ కథ మనకు దూరపుది కాదు.

థామస్ ఆర్థర్ లాలీ 1702వ సంవత్సరము జనవరి నెలలో ఫ్రాన్సు దేశమందలి రోమాన్స్ పట్టణమున జన్మించెను. తండ్రి ఐర్లండువాడు, ఇంగ్లండు సింహాసనమును గోల్పోయిన రెండవ జేమ్సురాజు పక్షము వహించి, స్వదేశమును విడిచి ఫ్రెంచి సేనలో జేరినవాడు. ఇంగ్లీషువారియెడల వైరము లాలీకి తండ్రినుండి సంక్రమించిన సొత్తు. 1745లో ఫాంటెనాయి యుద్ధమున ఐరిషు దళముతో గూడి అతడు చూపిన పరాక్రమమునకు మెచ్చి, పదునైదవ లూయీరాజు రణరంగముననే అతనికి బ్రిగేడియరు పదవి నొసగెను. 1756లో సప్తవర్ష సంగ్రామ మారంభము కాగా, హిందూదేశమునుండి ఇంగ్లీషువారిని వెడలగొట్టుటకు అతనినే సేనాధిపతిగా నియమించిరి.

1757లో బయలుదేరిన లాలీ దాదాపు ఒక యేడాది సముద్రముపై గడిపి, 1758 ఏప్రిలు 28వ తేదీన పుదుచ్చేరి చేరెను. అప్పటి కతనికి ఏబదియారేండ్లు. వచ్చినవెంటనే కడలూరును పట్టుకొనెను. జూను 2వ తేదీన సెయింట్ డేవిడ్ కోట లొంగిపోయెను. ఇంత శీఘ్రముగా లభించిన జయము అతనికి మేలు చేయలేదు. తన తీరే సరియైనదనియు, ఈ దేశమున ననుభవము గలవారిని అడుగవలసిన పని లేదనియు అతడు నిశ్చయించుకొనెను.

సేనకు బండ్లు, ఎద్దులు, కూలీలు సమకూడలేదు. లాలీ కులమర్యాదలను విచారింపక, పుదుచ్చేరి పురవాసులను బలవంతముగా బట్టించి బరువులు మోయించెను. దానితో జనులు భయపడి పారిపోయిరి. సాయము మరింత కరవయ్యెను. పుదుచ్చేరి దొరతనమువారియొద్ద ధనము లేనందున, పాత బాకీ పేర తంజావూరు రాజ్యముపై దండెత్తెను. త్రోవలో ఆలయములు దోపిడియయ్యెను. వేగులవారను అనుమానముతో కొందరు బ్రాహ్మణులను ఫిరంగి నోట గట్టించి చంపించెను. మందుగుండును, ఆహారమును చాలక ఆగష్టులో ముట్టడి విడిచి మరలి వచ్చెను. చేతికి వచ్చినది స్వల్పము. దేశమందెల్లెడల పొందిన పగ యధికము.

అన్నిటికంటె పెద్ద పొరపాటు బుస్సీ విషయమున జరిగెను. బొబ్బిలి యుద్ధమునుబట్టి బుస్సీ పేరు తెలుగువా రెరుగుదురు. అతడు 1751 మొదలు హైదరాబాదు దర్బారులో పలుకుబడి సంపాదించి, ఉత్తర సర్కారులను ఫ్రెంచివారి యధీనమున నుంచెను. లాలీ అతనిని దక్షిణమునకు రమ్మని ఆజ్ఞాపించెను. దక్కనును విడుచుట నష్టకరమని బుస్సీ మనవి చేయగా, లాలీ దానిని స్వార్థపరుని మాటగా నెంచి త్రోసివేసెను. బుస్సీ కదలినపిమ్మట విజయనగర ప్రభువు ఆనందగజపతిరాజు ఇంగ్లీషువారిని పిలిపించెను. 1758 డిసెంబరులో పిఠాపురమునకు సమీపమున చందుర్తియొద్ద కర్నలు ఫోర్డు ఫ్రెంచిసేనను ఓడించెను. 1759 ఏప్రిలులో మచిలీపట్టణపు కోటను పట్టుకొనెను. నిజామైన సలాబతుజంగు వెంటనే ఇంగ్లీషువారితో సంధి చేసికొనెను. ఏడేండ్లు శ్రమించి కట్టినది ఏడాది తిరుగకుండ గూలిపోయెను.

లాలీ మందబుద్ధి కాడు; పిరికివాడును కాడు. తన సొంత సొమ్మును సైతము సేనకై వెచ్చించినవాడు. ఐనను అతని మనస్సున రెండు దోషములు గూడుకట్టుకొనెను. మొదటిది తిరస్కారము: ఐరోపాఖండపు రణరంగములలో నేర్చినదే విద్య యనియు, తక్కినది తెలిసికొనదగినది కాదనియు దలంచుట. రెండవది అనుమానము: పుదుచ్చేరిలో కొందరు లంచగొండులుండుట నిజమేగాని, అందువలన ఎదురు చెప్పిన ప్రతివానిని దొంగయని యెంచుట. ఈ రెండును ఒకదాని నొకటి పెంచును. కోపిష్ఠికి నిజము చెప్పుటకు జనులు వెరతురు. నిజము తెలియనివాడు తప్పు చేయును. చేసిన తప్పునకు ఇతరులను నిందించి మరింత కోపించును. తుదకు సేనాని తన సేననడుమనే ఒంటరివాడగును.

తరువాతి కథ ఈ త్రోవనే నడచెను. 1758 డిసెంబరులో చెన్నపట్టణమును ముట్టడించి, ఇంగ్లీషు నౌకలు వచ్చుటచే రెండు మాసములకు విడిచిపోయెను. జీతములు లేక 1759లో సైనికులు తిరుగబడిరి. 1760 జనవరి 22వ తేదీన వందవాసియొద్ద సర్ ఐర్ కూటు చేతిలో ఓడిపోయెను, బుస్సీ చెరపట్టబడెను. పుదుచ్చేరి ఆకలితో నలిగి 1761 జనవరిలో లొంగిపోయెను.

లాలీ ఖైదీగా ఇంగ్లండునకు గొనిపోబడెను. ఫ్రాన్సులో తనపై రాజద్రోహనింద మోపుచున్నారని విని, అచట క్షేమముగా నుండవచ్చునైనను, అనుమతి పొంది నిందకు బదులు చెప్పుటకై స్వదేశమునకు మరలెను. అతనిని బాస్టీలు చెరసాలలో నుంచి, 1766 మే 9వ తేదీన నోటికి గుడ్డ క్రుక్కి శిరచ్ఛేదము గావించిరి. ఇతరుల మాట విననివాని మాటను తుద కెవ్వరును వినరైరి. కుమారుని పట్టుదలవలనను, వోల్టేరు పండితుని సాహాయ్యమువలనను 1778లో ఆ తీర్పు రద్దయ్యెను. అతడు ద్రోహి కాడు. ధనమును పంపనివారును, నౌకలతో తరలిపోయినవారును ఆ యోటమిలో భాగస్థులే. ఐనను అతని దోషము దోషమే.

ప్రియ విద్యార్థులారా, సిరియా సైన్యాధిపతియైన నయమాను కథ మీరు వేదపాఠములలో చదివియున్నారు. అతడును కోపించి వెనుదిరిగినవాడే. కాని తన దాసుల మాట విని యొర్దానులో మునిగి బాగుపడెను. తరగతికి నాయకులైనవారును, ఆటలలో జట్టును నడుపువారును, ఇంటికి పెద్దలైన తలిదండ్రులును, బోధకులమైన మేమును ఈ ఇద్దరు సేనానులను జ్ఞాపకముంచుకొనుట మంచిది. మన క్రిందివారు మనకు నిజము చెప్పుటకు జంకుచున్నారా యని అప్పుడప్పుడు మనలను మనమే ప్రశ్నించుకొందము.