చుక్కలు చూసి టైము చెప్పిన జగ్గారావు

విశాఖపట్నం డాబాగార్డెన్స్ అనగానే మనకు షాపులు, రద్దీ గుర్తొస్తాయి. 1840లో అక్కడ ఓ జమీందారుగారి పెరట్లో వేధశాల ఉండేదంటే నమ్ముతారా? ఆయనే గోడే వెంకట జగ్గారావు.

1817లో పుట్టిన జగ్గారావుకు చిన్ననాటి నుంచీ లెక్కలంటే ప్రాణం. మద్రాసు వెళ్లి అక్కడి వేధశాలలో టేలర్ దొరగారి దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకున్నారు. తిరిగొచ్చి సొంత డబ్బుతో టెలిస్కోపు పెట్టుకున్నారు. ఇది వట్టి జమీందారీ సరదా అనుకునేరు. దాని వెనక ఓడల్లో వెళ్లేవాళ్ల ప్రాణాలున్నాయి.

మన కాకినాడ తీరంలో ధ్రువనక్షత్రం ఆకాశం అంచుకు దాదాపు 17 డిగ్రీల ఎత్తున కనిపిస్తుంది. ఉత్తరానికి వెళ్లేకొద్దీ పైకెక్కుతుంది, దక్షిణానికి వెళితే కిందికి దిగుతుంది. చైనా నావికులు, అరబ్బులు వెనకటికి ఈ ఎత్తు కొలిచే దారి పట్టేవారు. కానీ తూర్పుకో పడమరకో ఎంత దూరం వచ్చామో ధ్రువుడు చెప్పడు. దానికి సరైన గడియారం కావాలి. అది నాలుగు నిమిషాలు తప్పితే లెక్క ఒక డిగ్రీ తప్పుతుంది. మన వైపు అది 100 కిలోమీటర్లకు పైమాటే! కోరంగి నుంచి రంగూన్ వెళ్లే ఓడకు అంత తేడా వస్తే ఇంకేముంది?

అందుకే జగ్గారావు చుక్కలు నడిమింటిని దాటే క్షణాన్ని బట్టి టైము లెక్కకట్టేవారు. డాల్ఫిన్స్ నోస్ కొండమీద జెండా కర్ర నాటించారు. రోజూ అనుకున్న వేళకు జెండా దిగేది. అది చూసి ఓడలవాళ్లు గడియారాలు సరిచేసుకునేవారు.

1856లో, నలభై ఏళ్లయినా నిండకుండానే ఆయన కన్నుమూశారు. అల్లుడు అంకితం వెంకట నరసింగరావు వేధశాలను నిలబెట్టారు. ఆరంగుళాల పెద్ద టెలిస్కోపు తెప్పించి, 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా సాగడాన్ని చూసి రాసిపెట్టారు. 1892లో ఆయనా పోయారు.

అప్పుడు భారమంతా జగ్గారావు కూతురు అచ్చయ్యమ్మ మీద పడింది. తండ్రి కట్టింది, భర్త కాపాడింది పాడవకూడదని 1894లో వేధశాలను ప్రభుత్వానికి ఇస్తానని ముందుకొచ్చారు. భర్త పేరిట కాలేజీకి పెద్ద విరాళమూ ఇచ్చారు. సి.వి. రామన్ చిన్నప్పుడు చదువుకున్నది అక్కడే.

వేధశాల ఇప్పుడు లేదు. కాలేజీ మాత్రం ఉంది. దాని పేరు మిసెస్ ఎ.వి.ఎన్. కాలేజీ. ఆ 'మిసెస్' ఎవరో ఇక మీకు తెలుసుగా!