బండి మీద వచ్చిన కళాశాల

మన రాయలసీమ చేలలో వేరుసెనగ పెరికెడి వారు ఈ పత్రిక చదువువారిలో అనేకులు కలరు. అమెరికా దేశములో ఆ గింజ పేరు చెప్పగానే అందరికిని జ్ఞాపకము వచ్చు మనిషి ఒకరున్నారు. ఆయనే జార్జి వాషింగ్టన్ కార్వరు గారు. వేరుసెనగతో ఆయన వందలకొలది వస్తువులు చేసిరని మీలో కొందరు వినియుందురు. ఈ నెల మేము ఆయన జీవితమును వ్రాయుట అందు నిమిత్తము కాదు. పెద్ద చదువుల స్థలమునకును, దాని గోడల అవతల దున్నుకొని బ్రదుకు జనమునకును మధ్య బాట వేయుటకై ఆయన 46 ఏండ్లకు పైగా పాటుపడిరి. ఆ సంగతి మన పల్లె సంఘములకు తెలియవలెనని వ్రాయుచున్నాము.

1864 ప్రాంతమున మిస్సోరి రాష్ట్రములో డైమండు అను చిన్న ఊరి దగ్గర ఆయన దాస్యములో పుట్టిరి. పుట్టిన దినము తెలియదు. దాసురాలి బిడ్డ పుట్టుకను వ్రాసి యుంచువారెవరు? పసికందుగా నుండగానే దొంగల మూక యొకటి తల్లిని బిడ్డను ఎత్తుకొని పోయెను. యజమానుడైన మోజెస్ కార్వరు మనిషిని పంపి, ఒక గుఱ్ఱమును బదులిచ్చి బిడ్డను తెప్పించుకొనెను. తల్లి జాడ మరల ఎన్నడును తెలియలేదు. 1865లో దాస్యము రద్దయిన తరువాతను మోజెస్, అతని భార్య సూసన్ ఆ పిల్లవానిని ఇంటనే ఉంచుకొని పెంచిరి. అక్షరములు ఆమెయే నేర్పినది.

దగ్గరి బడిలో నల్లజాతి పిల్లలకు చోటు లేదు. కాబట్టి ఆ పిల్లవాడు చదువుకొరకు మైళ్ళు నడచి నియోషో పట్టణము చేరెను. అచ్చట మరయా వాట్కిన్స్ అను నల్లజాతి స్త్రీ అతనిని చేరదీసినది. ఆమె మంత్రసాని, బట్టలుదికి కూడ జీవనము చేయునది. ఆ తల్లి అతనికి తిండి పెట్టి, బట్టలుదుకుట నేర్పి, ఒక బైబిలు చేతికిచ్చి, నేర్చుకొన్న చదువును నీ జనమునకు తిరిగి ఇమ్మని బుద్ధి చెప్పినది. ఆ మాట ఆయన మరువలేదు.

యౌవనమున కాన్సాస్ రాష్ట్రములోని ఒక కళాశాల ఉత్తరము మీద చేర్చుకొని, తీరా మనిషి ఎదుట నిలువగా, ఒంటి రంగు చూచి తిప్పి పంపెను. అది క్రైస్తవ సంఘము వారి కళాశాలయే. ఇది వ్రాయుటకు మాకు సిగ్గుగానే యున్నది. తుదకు 1890లో అయోవా రాష్ట్రములోని సింప్సన్ కళాశాల ఆయనను చేర్చుకొన్నది. అచ్చట చిత్రలేఖనము నేర్చుచు, తోటి విద్యార్థుల బట్టలుదికి పొట్ట పోసికొనిరి. ఆయన వేసిన మొక్కల బొమ్మలు చూచి, చిత్రలేఖనము చెప్పు ఉపాధ్యాయినియే వ్యవసాయ శాస్త్రము చదువుమని త్రోవ చూపెను. 1891లో ఏమ్స్‌లోని వ్యవసాయ కళాశాలలో చేరిరి. అచ్చట చేరిన మొదటి నల్లజాతి విద్యార్థి ఆయనే. 1894లో పట్టమును, 1896లో పై పట్టమును పొంది, అచ్చటనే బోధకులుగా నుండిరి. కావలసిన పరికరములు, మొక్కల గృహము, మంచి స్నేహితులు, అన్నియు అచ్చట నుండెను.

అప్పుడు దక్షిణమున అలబామా రాష్ట్రమునుండి ఒక పిలుపు వచ్చినది. తానును దాస్యములో పుట్టిన బుకర్ టి. వాషింగ్టన్ గారు 1881లో టస్కెగీలో నల్లజాతి వారికై ఒక విద్యాలయము ప్రారంభించి, విద్యార్థుల చేతనే ఇటుకలు కాల్పించి భవనములు కట్టించుచుండిరి. 1892 నుండి ఏటేట చుట్టుప్రక్కల సేద్యగాండ్రను విద్యాలయమునకు పిలిచి, వారి కష్టములు వారి నోటనే చెప్పించుకొనెడి వారు. పండితులు చెప్పుట తరువాత, రైతులు చెప్పుట మొదట. ఆ క్రమము మాకు మిక్కిలి మంచిదిగా తోచుచున్నది. అట్టి వారి పిలుపు విని కార్వరు గారు 1896లో టస్కెగీ చేరిరి.

ప్రయోగశాల యనునది అచ్చట లేదు. విద్యార్థులను వెంటబెట్టుకొని చెత్తకుప్పలలో పారవేసిన సీసాలు, పగిలిన గిన్నెలు ఏరి తెచ్చి, వానితోనే పరికరములు చేసికొనిరి. ప్రయోగములకు ఇచ్చిన నేలయు సారము చచ్చినదే. ఆ ప్రాంతమంతయు అట్లే యుండెను. ఏటేట ప్రత్తి, ప్రత్తి, మరల ప్రత్తి. వానకు నేల కోసికొని పోయి గండ్లు పడెను. నేల భూస్వామిది, విత్తనము, నాగలి, తిండి సరకు అప్పు మీద తెచ్చినవి, పండిన దానిలో సగమో ఇంకను ఎక్కువో వారికి పోగా, ఏడాది చివర రైతునకు మిగులునది అప్పే.

యెహెజ్కేలు ప్రవక్త చెరపట్టబడిన వారి యొద్దకు వచ్చి, నోరు తెరువక ముందు ఏడు దినములు వారి మధ్య కూర్చుండెనని ఆ గ్రంథము మూడవ అధ్యాయములో చదువుచున్నాము. కార్వరు గారును వారాంతములయందు బండి కట్టుకొని పల్లెలకు పోయి, గుడిసెల ముందు కూర్చుండి, వారు తినునది, కట్టునది, విత్తునది కన్నులార చూచిరి. కొనుడని చెప్పిన శాస్త్రము వారికి పనికిరాదని తెలిసికొనిరి. కాబట్టి అడవి ఆకులు, చిత్తడినేలల బురద కుప్పవేసి కుళ్ళబెట్టి ఎరువు చేయుట చూపిరి. అలసందలు, వేరుసెనగ, చిలగడదుంప వేయుమనిరి. అలసంద, వేరుసెనగ వేళ్ళ బుడిపెలలో గాలిలోని నత్రజని నిలిచి నేలకు బలము వచ్చును; పండినది ఇంట తిండికి అక్కరకు వచ్చును. ఎఱ్ఱమట్టి, పచ్చమట్టి కలిపి గోడలకు పూత చేసికొనుటయు నేర్పిరి.

1897 నుండి నెలకొకసారి రైతుల సభ జరిగెను. ఆయన వ్రాసిన చిన్న పుస్తకములు 44 వరకు అచ్చయ్యెను. వానిలో అనేకము రైతునకు సాగు సంగతి, ఉపాధ్యాయునకు శాస్త్రము, ఇల్లాలికి వంట, మూడును ఒకచోటనే చెప్పును. అయితే చదువురాని వారికి పుస్తకమెందుకు? పని మానుకొని సభకు రాలేని వారి మాట యేమి? అందుచేత 1906లో ఆ గొప్ప బండి బయలుదేరినది. వాషింగ్టన్ గారి తలంపునకు కార్వరు గారు నమూనా గీసిరి. న్యూయార్కు ధనవంతుడు మారిస్ జెసప్ గారు ధనమిచ్చిరి. విద్యార్థులే బండి కట్టిరి. నాగళ్ళు, విత్తనములు, ఎరువులు, వెన్న చిలుకు యంత్రము, పాలు పరీక్షించు సాధనము అందులో నుండెను. టస్కెగీలోనే చదివిన థామస్ కాంబెల్ గారు దానిని తోలుకొనిపోయి, ఒక రైతు చేనిలోనే దున్ని చూపెడి వారు. ఇరుగుపొరుగు వారు గట్టున చేరి చూచెడి వారు. మొదటి వేసవిలోనే నెలకు 2,000 మందికి పైగా ఆ బోధ అందెను. 1918లో మోటారు బండి వచ్చినది. 1923లో అంతకంటె పెద్దది వచ్చెను. నర్సును, ఇంటిపనులు నేర్పు స్త్రీయును దానిలో పోయెడివారు. ఆ మోటారు కొనుటకు అలబామా నల్లజాతి రైతులే చందాలు వేసికొనిరి. ఈ చందా సంగతి మాకు అన్నిటికంటె గొప్పగా తోచుచున్నది.

దీనిచేత అందరి బీదరికమును తీరెనని చెప్పరాదు. ప్రత్తియే వేయవలెనని భూస్వామి పట్టుబట్టినప్పుడు కౌలుదారుడు ఏమి చేయగలడు? విద్య నేలకు బలమిచ్చినదే గాని, నేలను దున్నువాని పేర వ్రాయలేకపోయినది. కార్వరు గారిని గూర్చిన అతిశయోక్తులును అనేకములు. వేరుసెనగ వెన్నను ఆయనే కనిపెట్టెననుట నిజము కాదు. ఆయన పొందిన పేటెంట్లు మూడే. 1921లో దేశ శాసనసభ సంఘము ఎదుట వేరుసెనగను గూర్చి చెప్పుటకు ఆయనకు పది నిమిషములు మాత్రమే ఇచ్చి, వినగా వినగా కోరినంత సేపు చెప్పుమనిరి. ఈ జ్ఞానము ఎచ్చటిదని అడుగగా ఆదికాండము మొదటి అధ్యాయమును చూపిరి. విత్తనములిచ్చు ప్రతి చెట్టును దేవుడు ఆహారముగా ఇచ్చిన సంగతి అందున్నది. ఆదివారము సాయంకాలములందు విద్యార్థులకు బైబిలు తరగతియు ఆయన ఏండ్ల తరబడి నడపిరి.

ఇంకొక సంగతి దాచరానిది. పల్లెవారు ఆ విద్యాలయముపై ఉంచిన నమ్మకమును 1932లో ప్రభుత్వ ఆరోగ్య శాఖవారు వాడుకొనిరి. అదే జిల్లాలో సుమారు 600 మంది నల్లజాతి పురుషులను పిలిచి, వారిలో సవాయి రోగమున్న 399 మందికి చికిత్స చేయుచున్నామని నమ్మించి, నిజముగా చేయక, రోగము ముదురుట చూచుచుండిరి. పెన్సిలిన్ మందు వచ్చిన తరువాతను ఇయ్యలేదు. విద్యాలయపు ఆసుపత్రి అందుకు చోటిచ్చెను. మునుపు ఆ మోటారు బండితో పల్లెలు తిరిగిన నర్సు ఒకామెయే వారిని పరీక్షలకు తోడుకొని వచ్చెడిది. 1972లో పత్రికలు బయటపెట్టువరకు అది ఆగలేదు. కార్వరు గారు ఆ పనిలో లేరు. అయినను ఏండ్ల తరబడి బండి చక్రములు సంపాదించిన నమ్మకమే ఆ మనుష్యులను ఆసుపత్రి వాకిటికి తెచ్చినది.

కార్వరు గారు వివాహము చేసికొనలేదు. విద్యాలయపు గదులలోనే నివసించి, మిగిల్చిన సొమ్మును అచ్చటి పరిశోధనలకే ఇచ్చివేసిరి. ఆయన పేర ఒక ప్రదర్శనశాల పెట్టవలెనని తలచినప్పుడు విద్యాలయమువారు ఇచ్చిన కట్టడము మునుపు బట్టలుదుకు చాకిరేవు శాల. 1943 జనవరి 5న ఆయన మరణించిరి. టస్కెగీలోనే, బుకర్ వాషింగ్టన్ గారి సమాధి ప్రక్కనే ఆయనను పాతిపెట్టిరి.