రోనాల్డ్ రాస్

సర్ రోనాల్డ్ రాస్ (1857 మే 13 – 1932 సెప్టెంబరు 16) బ్రిటిషు వైద్యుడు, శాస్త్రవేత్త. మలేరియా పరాన్నజీవి దోమ శరీరంలో పెరుగుతుందని 1897లో సికింద్రాబాదులో కనుగొన్నాడు. ఆ పరాన్నజీవి దోమకాటు ద్వారానే ఒక ప్రాణి నుండి మరొక ప్రాణికి సంక్రమిస్తుందని 1898లో కలకత్తాలో పక్షులపై ప్రయోగాలు చేసి నిరూపించాడు. ఈ కృషికి 1902లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందాడు. భారతదేశంలో పుట్టినవారిలో నోబెల్ బహుమతి అందుకున్న మొదటి వ్యక్తి ఈయనే.

బాల్యము, విద్యాభ్యాసము

రాస్ హిమాలయ ప్రాంతంలోని అల్మోరాలో (ప్రస్తుతం ఉత్తరాఖండ్ రాష్ట్రంలో ఉంది) జన్మించాడు. తండ్రి క్యాంప్‌బెల్ క్లే గ్రాంట్ రాస్ సైనికాధికారి. తల్లి మటిల్డా షార్లెట్ ఎల్డర్టన్. పదిమంది సంతానంలో రోనాల్డ్ పెద్దవాడు. ఎనిమిదేళ్ళ వయసులో చదువు నిమిత్తం ఇంగ్లండు చేరి, వైట్ ద్వీపంలో బంధువుల ఇంట పెరిగాడు.

చిన్ననాటి నుండి ఈయనకు కవిత్వం, సంగీతం, చిత్రలేఖనం, గణితం అంటే మక్కువ. వైద్యవృత్తిపై ఆసక్తి ఉండేది కాదు. తండ్రి కోరికను కాదనలేక 1874లో లండనులోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రి వైద్య కళాశాలలో చేరాడు. 1879లో శస్త్రవైద్య పరీక్షలో ఉత్తీర్ణుడై, కొంతకాలం అట్లాంటిక్ మహాసముద్రంపై ప్రయాణించే ఓడలో వైద్యుడిగా పనిచేశాడు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో ప్రవేశించి భారతదేశానికి తిరిగి వచ్చాడు.

ఉద్యోగ జీవితము

మద్రాసు, బర్మా, అండమాన్ దీవులలో పనిచేసిన రాస్‌కు తొలి సంవత్సరాలలో తీరిక ఎక్కువగా ఉండేది. ఆ సమయాన్ని గణితానికి, సాహిత్యానికి వినియోగించాడు. 1883లో బెంగుళూరులో ఉన్నప్పుడు తన బంగళాలో దోమల బాధ ఎక్కువగా ఉండడం గమనించి, కిటికీ వెలుపల ఉన్న నీటి తొట్టిలో దోమపిల్లలు పెరుగుతున్నాయని తెలుసుకున్నాడు. తొట్టిని బోర్లించగానే దోమలు తగ్గాయి. నిలవ నీటిని తొలగిస్తే దోమలను అదుపు చేయవచ్చునని ఆయనకు అప్పుడే అర్థమైంది. అయితే దోమకు, మలేరియాకు సంబంధం ఉన్నదని ఆనాటికి ఆయనకు తెలియదు.

1888-89లో సెలవుపై ఇంగ్లండు వెళ్ళి ప్రజారోగ్యంలో డిప్లొమా పొందాడు. సూక్ష్మజీవశాస్త్రంలో శిక్షణ తీసుకున్నాడు. 1889లో రోసా బెస్సీ బ్లాక్సమ్‌ను వివాహమాడాడు. వీరికి ఇద్దరు కుమారులు, ఇద్దరు కుమార్తెలు.

మలేరియా సమస్య

మలేరియా అనే పేరుకు ఇటాలియన్ భాషలో చెడుగాలి అని అర్థం. చిత్తడి నేలల నుండి వెలువడే దుర్గంధం వలన ఈ జ్వరం వస్తుందని శతాబ్దాల తరబడి నమ్మేవారు. 1880లో అల్జీరియాలో ఆల్ఫాన్స్ లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు రోగుల రక్తంలో ఒక పరాన్నజీవిని చూశాడు. అది ఒకరి నుండి మరొకరికి ఎలా చేరుతుందో మాత్రం తేలలేదు.

రాస్ మొదట లావెరాన్ పరిశీలనను సందేహించాడు. 1894లో లండనులో పాట్రిక్ మాన్సన్ ఆ పరాన్నజీవిని సూక్ష్మదర్శినిలో చూపించడంతో ఆ సందేహం తొలగింది. బోదకాలుకు కారణమైన ఫైలేరియా పురుగు దోమ శరీరంలో ఎదుగుతుందని మాన్సన్ 1877లోనే చైనాలో కనుగొన్నాడు. మలేరియా పరాన్నజీవి విషయంలోనూ అదే జరుగుతుందని ఊహించాడు. అయితే దోమ ఒక్కసారే రక్తం తాగి నీటిపై గుడ్లు పెట్టి చనిపోతుందని, ఆ నీటిని తాగినవారికి వ్యాధి వస్తుందని ఆయన అభిప్రాయం. ఈ ఊహలో మొదటి సగం నిజం, రెండవ సగం పొరపాటు. రాస్ ఈ రెంటినీ వెంటబెట్టుకొని పరిశోధనకు దిగాడు.

సికింద్రాబాదులో పరిశోధన

1895లో రాస్ సికింద్రాబాదులోని 19వ మద్రాసు పదాతిదళానికి వైద్యాధికారిగా వచ్చాడు. మలేరియా రోగులను దోమలచేత కుట్టించి, ఆ దోమలను కోసి సూక్ష్మదర్శినిలో పరీక్షించసాగాడు. దోమలు చచ్చిన నీటిని మనుషులచేత తాగించి కూడా చూశాడు. ఈ రెండు మార్గాలూ ఆయనను గమ్యానికి చేర్చలేదు. ఆ సంవత్సరమే కలరా నివారణ పనిపై బెంగుళూరుకు బదిలీ కావడంతో పరిశోధన కుంటుపడింది.

వైఫల్యానికి అసలు కారణం దోమ జాతి. రాస్ పరీక్షించినవి ప్రధానంగా క్యూలెక్స్, ఈడిస్ దోమలు. మనుషులకు వచ్చే మలేరియా పరాన్నజీవి వీటిలో పెరగదు, అనాఫిలిస్ దోమలో మాత్రమే పెరుగుతుంది. కీటకశాస్త్ర గ్రంథాలు అందుబాటులో లేకపోవడం వలన రాస్ దోమలను వాటి రంగును బట్టి గుర్తించేవాడు. 1897లో ఉదకమండలం సమీపంలోని సిగూరు లోయకు వెళ్ళినప్పుడు ఆయనకే మలేరియా సోకింది. రెక్కలపై మచ్చలున్న ఒక రకం దోమను ఆయన అక్కడ గమనించాడు.

అదే సంవత్సరం సికింద్రాబాదుకు తిరిగివచ్చి, బేగంపేటలోని సైనిక ఆసుపత్రిలో పని కొనసాగించాడు. ఎండలు, ఉక్క తీవ్రంగా ఉండేవి. కోసిన దోమలు గాలికి ఎగిరిపోతాయని పంకా కూడా లాగనిచ్చేవాడు కాదు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి. ఆగష్టు నెలలో మచ్చల రెక్కల దోమలు కొన్ని లార్వా దశ నుండి పెంచడానికి దొరికాయి. వాటిని హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టనిచ్చారు. రక్తం తాగిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టింది.

1897 ఆగష్టు 20న, రక్తం తాగిన నాలుగు రోజులకు, మిగిలిన దోమలలో ఒకదాన్ని కోసినప్పుడు దాని జీర్ణాశయపు గోడలో గుండ్రని కణాలు కనబడ్డాయి. వాటిలో నల్లని రేణువులు ఉన్నాయి. రోగి రక్తంలోని మలేరియా పరాన్నజీవులలో కనిపించే రేణువులూ ఇలాంటివే. మరుసటి రోజు కోసిన దోమలో ఆ కణాలు మరింత పెద్దవిగా ఉన్నాయి. అంటే పరాన్నజీవి దోమలో జీర్ణమైపోవడం లేదు, పెరుగుతున్నది. ఈ ఫలితాలు 1897 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురితమయ్యాయి.

కలకత్తాలో నిరూపణ

పరిశోధన కీలక దశలో ఉండగా రాస్‌ను రాజపుటానాలోని ఖేర్వాడాకు బదిలీ చేశారు. అక్కడ మలేరియా రోగులు అరుదు. మాన్సన్ ప్రయత్నం ఫలించి, 1898 ఫిబ్రవరిలో ఆయన కలకత్తాలోని ప్రెసిడెన్సీ జనరల్ ఆసుపత్రి ప్రయోగశాలకు చేరాడు. ప్లేగు టీకాల భయం వలన ప్రజలు రక్తపరీక్షకు ముందుకు రాలేదు. అందువలన రాస్ పక్షులకు వచ్చే మలేరియాను ఎంచుకున్నాడు. దోమలను సేకరించి పెంచే పనిలో మహమ్మద్ బక్ష్ ఆయనకు ముఖ్య సహాయకుడు.

రోగగ్రస్తమైన పక్షుల రక్తం తాగిన దోమలలో పరాన్నజీవి ఏ రోజున ఏ దశలో ఉన్నదో రాస్ వరుసగా పరిశీలించాడు. జీర్ణాశయపు గోడపై కణాలు పెరిగి పగలడం, వాటి నుండి వెలువడిన సన్నని సూక్ష్మరూపాలు (నేడు స్పోరోజాయిట్లు అంటారు) దోమ లాలాజల గ్రంథులకు చేరడం 1898 జూలైలో చూశాడు. అటువంటి దోమలు కుట్టిన ఆరోగ్యవంతమైన పిచ్చుకలకు మలేరియా సోకింది. వ్యాధి వ్యాపించేది తాగునీటి ద్వారా కాదు, దోమకాటు ద్వారా అని దీనితో తేలింది.

వివాదము, నోబెల్ బహుమతి

మనుషులకు వచ్చే మలేరియా పరాన్నజీవి అనాఫిలిస్ దోమలో పూర్తిచేసే జీవితచక్రాన్ని 1898లోనే ఇటలీలో జియోవన్ని బాటిస్టా గ్రాసీ, బిగ్నామి, బాస్టియనెల్లి వివరించారు. ఘనత ఎవరిదన్న విషయమై రాస్‌కు, గ్రాసీకి మధ్య వివాదం రేగి చాలా సంవత్సరాలు సాగింది. జర్మను శాస్త్రవేత్త రాబర్ట్ కోచ్ రాస్ పక్షాన నిలిచాడు. 1902లో నోబెల్ బహుమతి రాస్‌కు మాత్రమే లభించింది. లావెరాన్‌కు 1907లో నోబెల్ వచ్చింది. గ్రాసీకి ఆ గౌరవం దక్కలేదు. దోమలో పరాన్నజీవి ఎదుగుదలను ముందుగా చూపినది రాస్ అయితే, మనుషుల మలేరియాకు వాహకమైన దోమ జాతిని స్పష్టంగా నిర్ధారించినది గ్రాసీ బృందం.

మలేరియా నివారణ కృషి

1899లో ఉద్యోగాన్ని వదిలి రాస్ లివర్‌పూల్ ఉష్ణమండల వైద్య పాఠశాలలో అధ్యాపకుడిగా చేరాడు. అదే సంవత్సరం పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌కు, 1902లో సూయజ్ కాలువ తీరాన ఉన్న ఇస్మాయిలియాకు వెళ్ళి దోమల నిర్మూలన పద్ధతులను సూచించాడు. నీటి గుంటలను పూడ్చడం, మురుగు పారేలా చేయడం, నిలవ నీటిపై నూనె చల్లడం వీటిలో ముఖ్యమైనవి. ఇస్మాయిలియాలో మలేరియా బాగా తగ్గింది. 1907-08లో మారిషస్ ద్వీపంలో పరిశోధన జరిపాడు.

వ్యాధి వ్యాప్తిని గణిత సమీకరణాలతో వివరించడం రాస్ చేసిన మరో గొప్ప కృషి. 1910లో వెలువడిన మలేరియా నివారణ గ్రంథంలో ఈ విషయాలు ఉన్నాయి. ఒక ప్రాంతంలోని దోమలన్నిటినీ చంపనక్కరలేదని, వాటి సంఖ్యను ఒక పరిమితికి లోపు తగ్గిస్తే వ్యాధి తనంతట తానే క్షీణిస్తుందని ఆయన చూపాడు. 1950లలో జార్జి మెక్‌డొనాల్డ్ ఈ సిద్ధాంతాన్ని విస్తరించాడు. అంటువ్యాధుల గణితంలో ఇది రాస్-మెక్‌డొనాల్డ్ నమూనాగా ప్రసిద్ధి చెందింది.

చివరి రోజులు

రాస్‌కు 1911లో సర్ బిరుదు లభించింది. ఆ మరుసటి సంవత్సరం లండనుకు నివాసం మార్చాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914లో, పెద్ద కుమారుడు మరణించాడు. కవితలు, నవలలు రచించిన రాస్ 1923లో తన జ్ఞాపకాలను ప్రచురించాడు. ఆయన పేరిట లండనులోని పట్నీలో 1926లో ఉష్ణమండల వ్యాధుల సంస్థ, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. 1931లో భార్య, 1932 సెప్టెంబరు 16న రాస్ మరణించారు. ఆయనను పట్నీ వేల్ శ్మశానవాటికలో భార్య సమాధి పక్కనే ఖననం చేశారు.

స్మారకములు

ఏటా ఆగష్టు 20వ తేదీని ప్రపంచ దోమల దినోత్సవంగా జరుపుకుంటారు. కలకత్తాలో రాస్ పనిచేసిన ఆసుపత్రి వద్ద నిర్మించిన స్మారకాన్ని 1927లో ఆయన సమక్షంలోనే ఆవిష్కరించారు. హైదరాబాదులో బేగంపేటలోని ఆయన పరిశోధనా భవనం, నల్లకుంటలో ఫీవర్ ఆసుపత్రిగా పేరొందిన ఉష్ణమండల, అంటువ్యాధుల సంస్థ రాస్ పేరును ధరించాయి. దోమలకు రక్తమిచ్చిన హుసేన్ ఖాన్ పేరు మాత్రం రాస్ జీవితచరిత్రలలోనే నిలిచి ఉంది.